కట్టనిది కడలిదే

అనగనగా కెరటాలు కోటగోడ దాకా వచ్చిపోయే రాజ్యం ఒకటి. దానికో రాజు. రాజుకో రాణి, పేరు మాణిక్యాంబ. ఆమెకు ముగ్గురు కొడుకులు.

చిన్నకొడుకు కనకసేనుణ్ణి ధూమకేశి అనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన దీవిలో ఉప్పుబొమ్మను చేసి నిలబెట్టాడు. ఏడో పున్నమి పోటుకి బొమ్మ కరిగిపోతుందని కబురు కూడా పంపాడు.

పెద్దకొడుకు ఓడెక్కాడు. మొదటి సముద్రంలోనే కడుపులో తిప్పి వెనక్కి వచ్చాడు. రెండోవాడు ఓడెక్కాడు. రెండో సముద్రంలో నిద్ర కరువై వెనక్కి వచ్చాడు.

"ఇద్దరు మిగిలారు. అదే పదివేలనుకో" అన్నాడు రాజు.

"నేను కన్నది ముగ్గుర్ని" అంది మాణిక్యాంబ. మూట కట్టుకుని రేవుకి నడిచింది.

రేవులో గంగులు అని ముసలి సరంగు ఉన్నాడు. ఓడ నడపడంలో అతన్ని మించినవాడు లేడు. అతని కూతురు నూకాలు చుక్కాని పడుతుంది.

"రాజకుమారులే తిరిగొచ్చేశారు. నువ్వేటి చేస్తావు రాణమ్మా?" అన్నాడు గంగులు.

"వాళ్ళు దీవికి పోదామని ఎక్కారు. నేను ఓడలో కాపురం ఉండడానికి ఎక్కుతున్నాను. దీవి వచ్చినప్పుడే వస్తుంది."

గంగులు లంగరు తీశాడు. తెరచాప ఎత్తాడు.

మొదటి రోజే మాణిక్యాంబ ఒక తప్పు చేసింది. బొట్టు పెట్టుకుని, ఇంట్లో గూట్లో పెట్టినట్టే బంగారు కుంకుమభరిణెను పక్కన పెట్టింది. ఓడ ఒరిగింది. భరిణె జారి బుడుంగున నీళ్ళలో పడింది. అది ఆమె తల్లి ఇచ్చింది.

నూకాలు పకపకా నవ్వింది. "ఇక్కడ కట్టనిది ఏదీ నీది కాదు రాణమ్మా. కడలిది. ఏడ్చి అడిగినా ఇవ్వదు."

ఆ రోజు నుంచి ఆమె అన్నీ కట్టింది. పొయ్యిని ఇసుకపెట్టెకు కట్టింది. కుండను పొయ్యికి కట్టింది. తనను తాను తెరచాప కొయ్యకు కట్టుకుంది. ఉప్పునీళ్ళతో బియ్యం కడిగి, మంచినీళ్ళు గిద్దెడు గిద్దెడు కొలిచి వండింది. పళ్ళెం రెండు పాదాల మధ్య బిగించి తినడం నేర్చుకుంది. జాముకొకరు కాపలా కాస్తారు కనుక, వంతు లేనప్పుడు మిట్టమధ్యాహ్నమైనా సరే పడుకుంది.

ఇంటి అలవాటు ఒక్కటి మాత్రం మానలేదు. తెల్లారగానే ఓడ బల్లల మీద బియ్యప్పిండితో ముగ్గు వేసేది. కెరటం ఎక్కి తుడిచేసేది. మర్నాడు మళ్ళీ వేసేది.

"సముద్రానికి ముగ్గేటమ్మా? నిలుస్తాదా?" అనేది నూకాలు.

"నిలవకపోతే మళ్ళీ వేస్తా. తుడవడానికి దానికెంత ఓపికుందో నేనూ చూస్తా."

మూడో సముద్రంలో ఒక నీటికాకి వచ్చి కొయ్య మీద వాలింది. అది మాంత్రికుడి దూత.

"రాణీ, మళ్ళిపో!" అంది.

మాణిక్యాంబ అప్పుడు వాంతులు చేసుకుంటోంది. మూతి తుడుచుకుంది. "ఇంకా కక్కాల్సింది ఉంది. అయ్యాక మాట్లాడతా, ఉండు."

అయిదో సముద్రంలో గాలివాన తెరచాపను చీల్చేసింది. నీటికాకి మళ్ళీ వచ్చింది.

"రాణీ, మళ్ళిపో!"

మాణిక్యాంబ తెరచాప కుడుతోంది. "చూపు ఆనడం లేదు, సూదిలో దారం ఎక్కించి పెడతావా? లేదంటే తప్పుకో, వెలుతురుకి అడ్డం."

ఏడో సముద్రంలో మంచినీళ్ళు కుండ అడుక్కి చేరాయి. ఏడో పున్నమి రేపనగా నీటికాకి మూడోసారి వచ్చింది.

"రాణీ, మా దీవి నీళ్ళ మీద తేలుతుంది. పూటకో చోట ఉంటుంది. నీకు దొరకదు. ఇంటికి మళ్ళిపో!"

"ఇదే నా ఇల్లు" అంది మాణిక్యాంబ. "ఇంట్లోంచి ఇంకెక్కడికి మళ్ళను?"

కాకి రెక్కలు విదిల్చింది. ఎగిరిపోయింది.

మర్నాడు తెల్లారగానే మాణిక్యాంబ ముగ్గు వేసింది. కెరటం తుడిచింది. అప్పుడు నీళ్ళలోంచి వెయ్యి చేపలు తలలెత్తాయి.

"అమ్మా, ఏడు సముద్రాల నుంచీ నీ ముగ్గుపిండి తింటూ నీ వెనకే వస్తున్నాం. ఆ దీవి అడుగున మా మేత ఉంది. దారి చూపిస్తాం. ధూమకేశి ప్రాణం చిలుకలో ఉంది. చిలుక పంజరంలో ఉంది. పంజరం అతని చంకలో ఉంది. నిద్రలో కూడా దించడు."

చేపల వెనకే ఓడ వెళ్ళింది. పొద్దెక్కేసరికి దీవి కనబడింది. ఒడ్డునే ఉప్పుబొమ్మల వరస. అన్నిటికీ ముందు కనకసేనుడి బొమ్మ, తెల్లగా. వేళ్ళ కొసలు అప్పటికే కరుగుతున్నాయి. మాణిక్యాంబ పళ్ళు బిగబట్టింది. ఏడవలేదు.

"రా రాణీ!" అని నవ్వాడు ధూమకేశి. "ఇంకో బొమ్మకి చోటుంది."

"అలాగే అవుతా. ముందు నువ్వు మా ఓడలో ఒక్క పూట అన్నం తిను. పళ్ళెం ఖాళీ చేస్తే నేను నీ బొమ్మని. చెయ్యలేకపోతే నా కొడుకుని ఇవ్వాలి. అయినా ఓడెక్కి ఎరగనివాడివి, నీకెక్కడ చేతనవుతుందిలే!"

మాంత్రికుడికి రోషం వచ్చింది. పంజరంతో సహా ఓడెక్కాడు.

మాణిక్యాంబ వేడన్నంలో చారు పోసింది. నూకాలు ఓడను కెరటాలకు అడ్డంగా తిప్పింది. పళ్ళెం ఎడమకు జారింది. ధూమకేశి ఎడమకు పాకాడు. పళ్ళెం కుడికి జారింది. కుడికి పాకాడు. ఒక చేత్తో పళ్ళెం పట్టాలి, ఒక చేత్తో తినాలి. చంకలో పంజరం.

"పక్కన పెట్టుకో నాయనా" అంది మాణిక్యాంబ. "మా ముగ్గురిలో ఎవరం దాన్ని ముట్టుకోం. మాట."

ధూమకేశి పంజరం దించాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద నోటిదాకా వచ్చేసరికి ఓడ ఒరిగింది. బల్లలకంటిన తడి ముగ్గుపిండి మీద పంజరం సర్రున జారి సముద్రంలో పడింది. వెయ్యి చేపలు దాన్ని అడుగుకి లాక్కుపోయాయి.

"నాది! అది నాది!" అని అరిచాడు.

"కట్టావా?" అంది మాణిక్యాంబ.

"కట్టనిది కడలిది. అది మా ఓడ కట్టుబాటు" అంది చుక్కాని దగ్గర్నుంచి నూకాలు.

ధూమకేశి పొగై తేలిపోయాడు. ఒడ్డున ఉప్పుబొమ్మలన్నీ మనుషులయ్యాయి. కనకసేనుడు ఈదుకుంటూ వచ్చి ఓడెక్కాడు.

"అమ్మా, ఇంత నల్లబడిపోయావేం?"

"ఎండలో తిరిగాను" అంది మాణిక్యాంబ. అప్పుడు ఏడ్చింది.

దీవిలో మంచినీళ్ళు నింపుకుని, అందర్నీ ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటి వచ్చేలోగా కనకసేనుడికి నూకాలు తాళ్ళు ముడెయ్యడం నేర్పింది. రేవు చేరగానే అతను పెళ్ళి మాటెత్తాడు.

"సరంగు కూతురా?" అన్నాడు రాజు.

"ఆ పిల్ల లేకపోతే మీకు ఇద్దరే కొడుకులు" అంది మాణిక్యాంబ.

ఓడ మీదే పెళ్ళి చేశారు. తాళి కట్టే వేళ నూకాలు తలొంచుకునే గొణిగింది: "మూడు ముళ్ళూ గట్టిగా వెయ్యి దొరా. కట్టనిది ఎవరిదో ఎరుగుదువు కదా."

వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. మాణిక్యాంబ మాత్రం మళ్ళీ కోటలో పడుకోలేదు. నేల కదలకపోతే నిద్ర పట్టడం లేదంది. ఓడలోనే ఉండిపోయింది. తెల్లారగానే ముగ్గు వేసేది. కెరటం తుడిచేది. మర్నాడు మళ్ళీ వేసేది.