జిగురుబుట్టల అవ్వ కూర్చున్న చోటు

కొండలింకా కుర్రవిగా ఉన్న రోజుల్లో, అమెరికా ఆదివాసులైన అపాచీల దేశంలో, ఒక ఏటి ఒడ్డున ఓ అవ్వ ఉండేది. ఆమె పేరు చెప్పను. పోయినవాళ్ళ పేరు పలకకపోవడం వాళ్ళ ఆచారం, మనమూ పాటిద్దాం. సన్నటి కొమ్మలతో బుట్టలల్లి, లోపలా బయటా చెట్టు జిగురు పూసేది. నీళ్ళు పోస్తే చుక్క కారేది కాదు. అందుకే జిగురుబుట్టల అవ్వ అనేవాళ్ళు.

అక్కడ నాలుగు గుంపులు, గుంపుకొక పెద్ద. వేట మాంసమైనా, మొక్కజొన్నలైనా ఆ పెద్దలు ఒకచోట కూర్చుని పంచేవాళ్ళు. అందరికీ పెద్ద, అవ్వ తమ్ముడి కొడుకే. తల్లి లేని పిల్లాణ్ణి అవ్వే పెంచింది.

ఒక ఏడు వానలు లేవు. ఎర్రగట్టు అవతలి గుంపుకి జ్వరాలు తగిలాయి. వాళ్ళ పెద్ద పోయాడు. పంపకానికి వాళ్ళ తరఫున ఎవరూ రాలేదు.

పంపకం దగ్గర పెద్దలకి నీళ్ళు పోస్తూ అవ్వ అంది, "ఎర్రగట్టువాళ్ళు రాలేదు నాయనా."

"రానివాళ్ళకి వాటా లేదత్తా," అన్నాడు పెద్ద.

మళ్ళీ పంపకాలయ్యాయి. అవ్వ మళ్ళీ అంది, "ఎర్రగట్టువాళ్ళు రాలేదు నాయనా."

"రానివాళ్ళకి వాటా లేదత్తా."

మూడోసారి అవ్వ బుట్ట దించి, ఖాళీగా ఉన్న చోట కూర్చుంది.

"లే అత్తా. అది వాళ్ళ పెద్ద చోటు."

"నడిచొచ్చే ఓపికే ఉంటే వాళ్ళకి వాటా ఎందుకు నాయనా?"

పెద్ద చెడ్డవాడు కాడు. తల వంచుకుని అన్నాడు, "మన పిల్లలూ ఆకలికి ఏడుస్తున్నారు. ఎవరి నోటి దగ్గరిది తియ్యమంటావు?"

"నాది తియ్యి," అంది అవ్వ.

తన వాటా మూటకట్టుకుంది. నీళ్ళబుట్ట వీపున వేసుకుంది. ఎర్రగట్టు ఎక్కి, దిగింది. తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వెళ్ళి, ఇక రాలేదు.

మేనల్లుడు వెతుక్కుంటూ వెళ్ళాడు. గట్టు అవతల పిల్లలు లేచి తిరుగుతున్నారు. చంకలో బిడ్డతో ఒకావిడ ఎదురొచ్చింది.

"మా జ్వరమే ఆమెకీ తగిలింది," అంది. "నిన్ననే పోయింది."

"నన్నేమైనా అందా?"

"అంది. ఎక్కుడు దారి కదా, మా వాడొస్తే ముందు నీళ్ళివ్వండి అంది."

ఆవిడ అవ్వ బుట్ట అందించింది. అతను తాగలేకపోయాడు. బుట్ట ఒళ్ళో పెట్టుకుని, పొద్దు వాలేదాకా అక్కడే ఏడ్చాడు. తర్వాత కత్తి తీసి జుట్టు కోసుకున్నాడు. పోయినవాళ్ళ కోసం అలా దుఃఖించడం వాళ్ళ ఆచారం.

తర్వాతి పంపకానికి తనే గట్టు దాటి, ఆ బిడ్డతల్లిని వెంటబెట్టుకొచ్చాడు. అవ్వ కూర్చున్న చోట కూర్చోబెట్టాడు. వాటా ముందు ఆమె చేతికే ఇచ్చాడు.

ఇప్పుడక్కడ సభకి మంచి కట్టడం ఉందట. కుర్చీలున్నాయట. ప్రతి లోయా తన మనిషిని తనే ఎన్నుకుని పంపుతుందట. అయినా సభ మొదలవబోయే ముందు పెద్ద లేచి, "రానివాళ్ళెవరు?" అని అడుగుతాడు. జవాబొచ్చేదాకా ఎవరూ మరో మాట ఎత్తరు.

ముసలివాళ్ళకి అన్నం తీసుకెళ్ళే బండి కూడా ముందు అన్నిటికంటే దూరపు ఇంటికే పోతుంది. కొత్తగా వచ్చిన డ్రైవరు ఎవరైనా ఇదేం దారి అని అడిగితే, వంటవాళ్ళు గిన్నెలు ఎక్కిస్తూనే చెబుతారు.

"దగ్గరివాళ్ళు కాసేపు ఆగగలరు."