తాంబూలం అందని సభ

కుంకుడువాకలో పెద్దల సభ వాగొడ్డున చావడిలో జరిగేది. ఈరమ్మ చేతి తాంబూలం అందేదాకా ఎవరూ లేవకూడదు. లేస్తే ఊరికి అరిష్టమట! ఈరమ్మ ఇల్లేమో వాగు అవతల. వంతెన కూలి నాలుగేళ్లయింది. కొత్తది అవసరమా కాదా అని సభ అప్పటినుంచీ పరిశీలిస్తూనే ఉంది. ఈరమ్మ పళ్లెం నెత్తిన పెట్టుకుని పీకల్లోతు నీళ్లలో నడిచొచ్చేది.

ఆ రోజు మాత్రం అవతలి గట్టునే నిలబడిపోయింది. మధ్యాహ్నం దాటింది. పెద్దల కడుపుల్లో ఎలుకలు పరుగెడుతున్నాయి.

"ఏమే ఈరీ, దిగి రావేం?" అని చావడిలోంచి అరిచాడు సభాపతి వీరభద్రయ్య.

"నేను దిగి వచ్చేస్తే వంతెన అక్కర్లేదని తేల్చేసినట్టే కదయ్యా! పెద్దలు నాలుగేళ్లుగా తేల్చలేనిది తేల్చడానికి నేనెంతదాన్ని? తమరే తేల్చండి, ఇక్కడే ఉంటా."

పరిశీలన అరగడియలో ముగిసింది. కూర్చున్నచోటు నుంచే కేకలేసి పనివాళ్లను పిలిచారు. పొద్దుగూకేలోగా వాగు మీద తాటిదూలాలు పడ్డాయి. వాటిమీద మొదట దాటింది తాంబూలమే.

మర్నాడు పడమటివీధివాళ్లు ఈరమ్మ దగ్గరికొచ్చారు. "మా బావి పూడిపోయి చుక్క నీళ్లు లేవు. పూడిక తీయించే సంగతి ఆరేళ్లుగా పరిశీలిస్తున్నారమ్మా!"

"దిగులెందుకు? వచ్చే సభ తాంబూలానికి సున్నం మీ బావి నీళ్లతోనే కలుపుతాను," అంది ఈరమ్మ. "ఆ మాట మాత్రం పెద్దలంతా కూర్చున్నాక చెబుతాను."