ఊడ్వని మగ్గం గుంట

పైడిలంక సాలెవీధిలో మార్కండేయులు అనే నేతగాడు ఉండేవాడు. పనిలో అతనికి వంక పెట్టినవాడు లేడు కానీ, ఏ తప్పు జరిగినా అది తనది కాదనడం అతని జబ్బు. పోగు తెగితే నూలు వడికినవాళ్ళ తప్పు. రంగు వెలిస్తే అద్దకం వాళ్ళ తప్పు. గుమ్మం తలకు తగిలితే ఆ గుమ్మం పెట్టిన వడ్రంగి తప్పు. ఆ వడ్రంగి ఎప్పుడో కాలం చేశాడు పాపం, అయినా తిట్లు తప్పేవి కావు.

అతని భార్య భద్రమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆ ఇంట్లో మగ్గం చప్పుడే కానీ మనుషుల మాట వినపడేది కాదు. ఒక వానాకాలం, కాలువ గట్టు మీద వణికిపోతున్న కుక్కపిల్ల ఒకటి భద్రమ్మ కంటపడింది. కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి మచ్చ. చుక్క అని పేరు పెట్టింది.

చుక్క వచ్చాక భద్రమ్మకు మళ్ళీ మాటలొచ్చాయి. నూలు కండెలు చుడుతూ దానికి వీధిలో సంగతులన్నీ చెప్పేది. అది తల పక్కకు వంచి, అన్నీ అర్థమైనట్టే వినేది. మార్కండేయులు మాత్రం తక్కువ తిన్నాడా? కంచంలో చివరి ముద్ద దానికే పెట్టేవాడు. ఎండ ముదిరే వేళకు చుక్క మగ్గం గుంటలోకి దిగి, అతని కాళ్ళ పక్కన చల్లగా పడుకునేది. "ఇది పక్కన లేకపోతే నాకు చెయ్యాడదు" అని అతనే అనేవాడు.

మగ్గం గుంట అంటే మీలో కొందరికి తెలియకపోవచ్చు. ఆ వీధిలో మగ్గాలు నేలకు ఆనుకుని ఉంటాయి. మగ్గం కింద మోకాలి లోతున గుంట తవ్వి ఉంటుంది. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపల పెట్టి చెక్కలు తొక్కుతూ నేస్తాడు. ఆ గుంట విషయంలో సాలెవీధిలో ఒక పట్టింపు ఉండేది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, ఉన్నంతకాలం గుంటలో చీపురు పెట్టకూడదు. నేసిన బట్ట కోసి, మగ్గం ఖాళీ చేసిన రోజున మాత్రం గుంటంతా ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టి, అప్పుడు కొత్త పడుగు ఎక్కించాలి.

పెద్దలు పెట్టిన పద్ధతి మంచిదే. కానీ మార్కండేయులు మగ్గం ఖాళీ అయితే కదా! ఒక పడుగు చివరికి వస్తుండగానే, దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతికేసేవాడు. "నా మగ్గం ఖాళీగా ఉండగా చూసినవాడు ఈ వీధిలో ఉంటే రమ్మనండి!" అని మీసం దువ్వేవాడు. అలా ఏళ్ళ తరబడి ఆ గుంటలో చీపురు పడలేదు. నూలు పీచూ, దుమ్మూ, కుక్క వెంట్రుకలూ అడుగున మెత్తగా పేరుకుపోయాయి.

ఒక ఏడు శివరాత్రి దాటాక, చుక్క ఒళ్ళు గోక్కోవడం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ అదే పని. భద్రమ్మ దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని వెంట్రుకలు పాయ తీసి చూసింది. నువ్వుగింజలో సగం ఉన్న నల్లటి పురుగులు! పట్టుకోబోతే చిటుక్కున గెంతి మాయమయ్యాయి. అవి చాపల్లోకీ వచ్చాయి, మనుషుల్నీ కుట్టాయి.

"నీ ఒళ్ళు పాడుచేశాయి కదే తల్లీ!" అని భద్రమ్మ నడుం బిగించింది. వేపాకు బాగా మరిగించి చల్లార్చింది. పురుగులు తల మీదికి పరుగెత్తకుండా ముందు మెడ చుట్టూ కుంకుడు నురగ పట్టించింది. తర్వాత ఒళ్ళంతా రుద్ది వేపనీళ్ళతో కడిగింది. తడి ఆరకముందే పేలదువ్వెనతో దువ్వుతూ, దువ్వెనను సబ్బునీళ్ళలో ముంచింది. చాపలూ బొంతలూ ఎర్రటి ఎండలో పడేసింది. నేల నెర్రెల్లో మెత్తటి ఉప్పు చల్లి, మర్నాడు మూలమూలలా ఊడ్చి, ఆ దుమ్మును పొయ్యిలో వేసింది. పొద్దుగూకగానే దీపం కింద పళ్ళెంలో సబ్బునీళ్ళు పెడితే, వెలుగుకు గెంతిన పురుగులు అందులో పడి చచ్చాయి.

చుక్క హాయిగా నిద్రపోయింది. కానీ నాలుగు రోజులు తిరిగేసరికి పురుగులు మళ్ళీ వచ్చాయి. భద్రమ్మ మళ్ళీ అంతా చేసింది. అవి మళ్ళీ వచ్చాయి. చుక్క ఒంటి మీద పుళ్ళు లేచాయి.

భద్రమ్మ ఆలోచించి భర్త దగ్గరకు వెళ్ళింది. "ఏవండీ, ఇల్లంతా గాలించాను. ఇక మిగిలింది మీ గుంట ఒక్కటే. మధ్యాహ్నం అది పడుకునేది అక్కడే కదా. ఒక్కసారి బట్ట కోసి గుంట ఊడ్చేద్దాం" అంది.

మార్కండేయులుకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నా గుంటలో పురుగులా? నేను అన్నం సంపాదించే చోటే అది! పడుగు మీద ఉండగా చీపురు పెట్టమంటావా, బుద్ధుందా? పురుగులు కుక్కవి. కుక్క పోతే పురుగులూ పోతాయి."

భద్రమ్మ అతని కాళ్ళ దగ్గర కూర్చుంది. "అదేం చేసిందండీ? మనకంటే ఎక్కువ బాధ పడుతున్నది అదే. మీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని మాత్రం నాకు దూరం చెయ్యకండి" అంది.

మర్నాడు భద్రమ్మ చుట్టాలింటికి పేరంటానికి వెళ్ళింది. అతను చుక్క మెడకు తాడు కట్టి, పడవలో కాలువ దాటించాడు. యజమానితో షికారు అనుకుందో ఏమో, చుక్క తోక ఊపుకుంటూ ముందు ముందు నడిచింది. చాలాదూరం పోయాక అతను తాడు విప్పి, "ఫో! ఫో!" అని అదిలించాడు. అది ఆట అనుకుని చుట్టూ గెంతింది. మట్టిగడ్డ తీసి విసిరాడు. అప్పటికీ దగ్గరకే వచ్చింది. ఇంకో గడ్డ పక్కటెముకలకు తగిలాక కుయ్యిమని ఆగిపోయింది. అతను వెనక్కి చూడకుండా పడవెక్కాడు.

భద్రమ్మ ఇంటికి వచ్చి, "చుక్క ఏదండీ?" అని అడిగింది.

"అవతలి గట్టు దాటించి వదిలేశాను. పీడా పోయింది" అన్నాడు.

భద్రమ్మ గుమ్మంలోనే కూలబడింది. "మీకు చేతులెలా వచ్చాయి? కన్నబిడ్డను ఎలాగూ దక్కించుకోలేకపోయాను. దీన్నైనా ఉండనివ్వలేదే!" అని గుండెలవిసేలా ఏడ్చింది. ఆ తర్వాత ఎన్నో సాయంత్రాలు కాలువ గట్టున నిలబడి పేరు పెట్టి పిలిచింది. అవతలి నుంచి చుక్క అరుపు వినపడలేదు.

మొదట్లో పురుగుల బాధ కాస్త తగ్గినట్టనిపించింది. "చూశావా? నేనేమన్నాను?" అన్నాడు మార్కండేయులు. ఏం చూడాలి, నా మొహం! పురుగులకు కావలసింది నెత్తురు. కుక్క ఉన్నంతకాలం దాన్ని తిన్నాయి. ఇప్పుడు కుక్క లేదు, మార్కండేయులు కాళ్ళున్నాయి. గుంటలో కాళ్ళు పెట్టడం ఆలస్యం, చీలమండల నుంచి మోకాళ్ళ దాకా కుట్టేసేవి. పక్కింటివాళ్ళ మేకల వల్ల వచ్చాయన్నాడు. ఇంటి ముందు పోసిన ఇసకలో వచ్చాయన్నాడు. చివరకు, భద్రమ్మ చాపలు సరిగా దులపడం లేదన్నాడు. ఆమె అతనితో మాట్లాడటం ఎప్పుడో మానేసింది.

ఒక పొద్దున నేస్తూ నేస్తూ దురద ఓర్చుకోలేక కాలు రక్కుకున్నాడు. అదే చేత్తో బట్ట సర్దాడు. పాలలాంటి తెల్లటి బట్ట మీద ఎర్రటి మరక పడింది. తన నెత్తురు, తన వేలు, తన మగ్గం. ఎవరిని తిట్టాలో అతనికి తోచలేదు. కిందికి వంగి చూసుకున్నాడు. కాళ్ళ నిండా నల్లటి పురుగులు. గుంట అడుగు నుంచి గుప్పెడు దుమ్ము తీసి వెలుగులో పెట్టాడు. తెల్లటి గుడ్లు, సన్నటి పిల్లపురుగులు దుమ్ములో మెదులుతున్నాయి. కుక్క వెళ్ళిపోయి ఇన్నాళ్ళయినా అవి పుడుతూనే ఉన్నాయి.

అతను కత్తెర తీసుకుని బట్ట కోసేశాడు, పడుగు విప్పేశాడు. ఏళ్ళ తర్వాత ఆ మగ్గం ఖాళీ అయింది. భద్రమ్మ చీపురూ, ఉప్పూ, మరిగే వేపనీళ్ళూ తెచ్చి గుంట పక్కన పెట్టింది. గుంటలో దుమ్మంతా అతనే తట్టకెత్తి పెరట్లో తగలబెట్టాడు. మరిగే నీళ్ళు పోశాడు. ఆరాక ఉప్పు చల్లి, మళ్ళీ ఊడ్చి, అలికాడు. గుడ్ల నుంచి వచ్చేవి ఇంకా ఉంటాయని, కొత్త పడుగు ఎక్కించకుండా రోజూ ఊడ్చాడు. రెండో పంట వరికోతలు అయ్యేసరికి ఆ ఇంట్లో ఒక్క పురుగు లేదు.

"చుక్కను వెతికి తీసుకొస్తాను" అన్నాడు ఒకరోజు.

భద్రమ్మ ముఖం వెలిగిపోయింది. "నేనూ వస్తానండీ. నన్ను చూస్తే పరుగెత్తుకొస్తుంది."

"వద్దు. వదిలింది నేనే, తెచ్చేదీ నేనే" అన్నాడు. ఆ మాటలో పశ్చాత్తాపం ఎంత ఉందో పంతమూ అంతే ఉంది. తనంతట తానే తెచ్చి ఆమె ముందు నిలబెట్టాలని అతని కోరిక.

ఊరూరా అడుగుతూ పోయాడు. పొద్దు వాలుతుండగా, కోసిన వరిచేలో బాతుల మంద కనిపించింది. రాలిన గింజల కోసం బాతులను చేలల్లో మేపుకుంటూ ఊళ్ళు తిరిగేవాళ్ళ మంద అది. మంద అంచున కాపలా కూర్చున్న నల్లకుక్క నుదుటి మీద తెల్లమచ్చ ఉంది. ఒళ్ళు నిగనిగలాడుతోంది, పుండన్నది లేదు.

బాతులు కాసే ఆమె పేరు నూకాలు. "ఒళ్ళంతా పుళ్ళతో వచ్చి మా గుడారం ముందు పడిపోయింది బాబూ. వేపాకు నీళ్ళతో కడిగాను, దువ్వాను, అంతే" అంది.

మార్కండేయులు తలొంచుకున్నాడు. భద్రమ్మ చేసిందీ అదే. ఇక్కడ గుంట లేదు, అక్కడ ఉంది.

"చుక్కా!" అని పిలిచాడు. అది చటుక్కున లేచింది. తోక ఊపింది. నాలుగడుగులు ముందుకు వచ్చింది. అతనికి ప్రాణం లేచొచ్చింది, తాడు చేతిలోకి తీసుకున్నాడు. తాడు చూడగానే చుక్క నేలకు కరుచుకుపోయింది. తోక కాళ్ళ మధ్యకు వెళ్ళింది. ఒళ్ళంతా వణుకుతూ, పాక్కుంటూ పోయి నూకాలు వెనక దాక్కుంది.

"నీ కుక్కే, తెలుస్తూనే ఉంది" అంది నూకాలు. "లాక్కెళ్తానంటే నేనడ్డురాను. కానీ నిన్ను చూసి హడలిపోతోంది బాబూ."

అతనికి లాగడానికి చేతులు రాలేదు. "రేపు నా భార్యను తీసుకొస్తాను. ఆమె వెంట వస్తుంది" అని ఏడుపు ఆపుకుంటూ వెనక్కి తిరిగాడు. మీరు రేపు ఇక్కడే ఉంటారా అని అడగాలని కూడా అతనికి తట్టలేదు.

మర్నాడు తెల్లవారుతూనే మొగుడూ పెళ్ళాలు పడవెక్కారు. భద్రమ్మ కొంగున అన్నం ముద్ద మూటగట్టుకుంది. దారంతా దాదాపు పరుగే. చేలోకి వెళ్ళేసరికి బాతుల ఈకలు తప్ప ఏమీ లేవు. గట్టు మీద ఉన్న రైతును అడిగారు.

"ఇక్కడ గింజలైపోయాయి కదమ్మా, వేకువనే లారీ వచ్చింది. ఎటెళ్ళారో తెలీదు, వాళ్ళకొక ఊరంటూ ఉంటేగా" అన్నాడు రైతు.

"నల్లకుక్క కూడా...?"

"ఆ, అదీ వెళ్ళింది. ఎక్కనని మారాం చేస్తే ఆమె ఎత్తుకుని ఎక్కించింది."

భద్రమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది. "నేనూ వస్తానన్నాను కదండీ నిన్న. నన్ను చూస్తే వచ్చేదండీ" అంది. ఆమె కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి.

మార్కండేయులు ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. "తప్పు నాది" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. "గుంట నాది, మురికి నాది. నోరులేని జీవం మీద నేరం మోపాను. నిన్న కూడా నా పంతమే చూసుకున్నాను. నీ బిడ్డను నీకు దూరం చేసింది నేనే భద్రమ్మా."

"ఈ మాట ఆ రోజే అని ఉంటే, ఇవాళ చుక్క మన ఇంట్లో ఉండేదండీ" అంది భద్రమ్మ. అతను ఏడ్చాడు. ఇద్దరూ ఎండెక్కేదాకా అక్కడే కూర్చుని, ఒట్టి చేతులతో ఇంటికి వచ్చారు. ఆ వేసవంతా బాతుల మంద వచ్చిందన్న ప్రతి ఊరికీ ఇద్దరూ కలిసి వెళ్ళారు. చుక్క మళ్ళీ కనిపించలేదు.

నీతి: ఏదైనా చెడు జరిగినప్పుడు ముందు మన కాళ్ళ కింద చూసుకోవాలి. మన తప్పును నోరులేనివాళ్ళ మీదికి నెడితే, తప్పు మన దగ్గరే ఉండిపోతుంది, మనవాళ్ళు మనకు కాకుండా పోతారు.