ఒక నంబరు పెద్ద సైకిలు

మదనపల్లెలో చెంగల్రాయులు అని చెప్పుల అంగడి పెట్టుకున్నాయన ఒకడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఏ వస్తువునైనా ఇవాళ్టి కొలతకు కొనడం ఆయనకు చేతకాదు.

పిల్లల్ని వెంటబెట్టుకొని ఎవరు వచ్చినా ఆయన నోట ఒకటే మాట. "ఒక నంబరు పెద్దది తీసుకోండమ్మా. ఎదిగే కాళ్ళు!" అనేవాడు. తల్లిదండ్రులకు ఆ మాట భలే నచ్చేది. ఎంత ముందుచూపు అని మెచ్చుకొని, బూటు ముందు భాగంలో దూది కుక్కి పిల్లకాయలకు తొడిగేవాళ్ళు. ఇక బడి వదిలే వేళకు ఆ వీధి వీధంతా టపటపా టపటపా చప్పుడే. పిల్లకాయలు ముందు పరుగెత్తేవాళ్ళు, బూట్లు వెనకాల వచ్చేవి. నవ్వకండి! మీ ఇళ్ళలో మాత్రం ఏం తక్కువ? మీ చొక్కా చేతులు ఎక్కడిదాకా వచ్చాయో ఒకసారి చూసుకోండి.

ఆయన్ను పూర్తిగా తప్పు పట్టడానికీ లేదు. చిన్నప్పుడు అన్నలు విడిచేసిన ఇరుకు చెప్పుల్లో వేళ్ళు ముడుచుకొని బడికి పోయినవాడు. తన బిడ్డకు ఏదీ ఇరుకు కాకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ బిడ్డ పేరు యామిని. ఒక్కతే కూతురు, పన్నెండేళ్ళది, ఈడు పిల్లల్లో కాస్త పొట్టి. ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. గౌను గుడ్డ తెచ్చినా రెండు మూడేళ్ళకు సరిపడా తెచ్చేవాడు. భార్య మునిలక్ష్మి అంచు లోపలికి మడిచి కుట్టేది. పిల్ల పెరిగేకొద్దీ ఆ మడత విప్పేది. అలా ఇంట్లో ఏ గొడవా లేకుండానే రోజులు గడిచేవి.

యామినికి సైకిలంటే పిచ్చి. బడిలో ఆటల మాస్టారు రెడ్డెప్ప సారు, ఆదివారం వస్తే పిల్లల్ని ఊరి బయట ఉన్న నక్కలకొండకు తీసుకుపోయేవాడు. అక్కడి రాళ్ళబాటలో గేర్ల సైకిలు తొక్కడం నేర్పేవాడు. బడికి ఉన్నది ఒకటే చిన్న సైకిలు. దాన్ని పిల్లలందరూ వంతులవారీగా తొక్కాలి. యామిని వంతు వచ్చిందంటే ఇక చూడాలి! మలుపులన్నీ తిరుగుతూ ఎక్కడా కాలు దింపకుండా పైకి చేరేది. పైన నిలబడి చెమట తుడుచుకుంటూ పెద్దగా నవ్వేది. ఆ నవ్వు కింద ఉన్నవాళ్ళకు కూడా వినిపించేది.

ఆ ఏడు జిల్లా పిల్లలకు కొండ సైకిళ్ళ పోటీ పెడుతున్నారని తెలిసింది. ఎవరి సైకిలు వాళ్ళే తెచ్చుకోవాలి. రెడ్డెప్ప సారు చెప్పుల అంగడికి వచ్చి, "ఈ పిల్ల గెలిచి వస్తుంది. నాకు నమ్మకం ఉంది. ఆమెకు సరిపోయే సైకిలు ఒకటి కొనివ్వండి," అన్నాడు.

"కొనకుండా ఉంటానా సార్! నా బిడ్డ కంటే ఎక్కువా?" అన్నాడు చెంగల్రాయులు. ఆ సాయంత్రమే కూతుర్ని తీసుకొని సైకిళ్ళ అంగడికి పోయాడు.

అక్కడ యామిని కళ్ళు ఒక నీలం సైకిలు మీద పడ్డాయి. చిన్న ఫ్రేము, ఇరవై ఆరు అంగుళాల చక్రాలు. యామిని అడ్డకడ్డీకి ఇటొక కాలు, అటొక కాలు వేసి నిలబడింది. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాయి. కడ్డీ ఒంటికి తగల్లేదు, మధ్యలో ఖాళీ మిగిలింది. సీటు మీద కూర్చుంటే చేతులు హాయిగా హ్యాండిలుకు అందాయి. వేళ్ళు వెతుక్కోకుండానే బ్రేకుల మీదికి పోయాయి.

"నాన్నా, ఇదే!" అంది యామిని. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది.

చెంగల్రాయులు ఆ వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఆయన చెయ్యి అప్పటికే పక్కనున్న ఎర్ర సైకిలు మీద ఉంది. దానిది పెద్ద ఫ్రేము, ఇరవై తొమ్మిది అంగుళాల చక్రాలు.

"దానికీ దీనికీ తేడా ఏమి?" అని అంగడాయన్ను అడిగాడు.

"చక్రం పెద్దది కదండీ, రాళ్ళూ గుంతలూ సులువుగా దాటుతుంది. కాకపోతే అది ఎత్తున్నవాళ్ళకు. పాపకు నీలందే సరి," అన్నాడు అంగడాయన.

చెంగల్రాయులు చెవికి మొదటి సగమే ఎక్కింది. "విన్నావా అమ్మా! రాళ్ళు సులువుగా దాటుతుందంట. కొండకు ఇట్లాంటిదే కావాల," అని యామినిని ఎర్ర సైకిలు దగ్గర నిలబెట్టాడు.

యామిని మునివేళ్ళ మీద నిలబడాల్సి వచ్చింది. కడ్డీ ఒంటికి ఒత్తుకుంది. హ్యాండిలు పట్టుకోవాలంటే ముందుకు సాగిపోవాల్సి వచ్చింది.

"నాకు కాళ్ళు అందట్లేదు నాన్నా," అంది.

"ఇప్పుడు అందవులే. ఎదిగే పిల్లవి! ఆ నీలందైతే ఏడాది తిరిగేసరికి చిన్నదైపోతుంది. ఇదైతే నువ్వు కాలేజీకి పోయేదాకా ఉంటుంది."

"పోటీ వచ్చే నెలలో కదా నాన్నా?"

పిల్ల ఎంత చక్కటి మాట అడిగింది! ఆ ఒక్క మాటకు తండ్రి జవాబు వెతుక్కుని ఉంటే నేను ఈ కథ చెప్పాల్సిన పనే ఉండేది కాదు. చెంగల్రాయులు నవ్వి, కూతురి తల నిమిరి, ఎర్ర సైకిలు బయటికి తెమ్మన్నాడు.

ఇంటికి తెచ్చిన సైకిలును చూసి మునిలక్ష్మి ముక్కున వేలేసుకుంది. "ఏమయ్యా, ఇది పిల్లకా, నీకా?" అంది.

"పిల్లకే. పెరుగుతుంది కదే!"

"గౌనైతే మడత వేసి కుడతాను. దీనికి ఎక్కడ వేసేదయ్యా మడత?"

"మడతే కదా, నేనేస్తా చూడు," అన్నాడు చెంగల్రాయులు. సీటును అడుగంటా దించాడు. అయినా కాళ్ళు పెడళ్ళకు సరిగ్గా అందలేదు. అప్పుడు రెండు చెక్క ముక్కలు కోసి, పెడళ్ళ మీద పెట్టి, తీగతో బిగించి కట్టాడు. "ఎదిగినాక పీకి పారేస్తాం. అంతే!" అని చేతులు దులుపుకున్నాడు.

యామిని వీధిలో సాధన మొదలుపెట్టింది. ఆగాలంటే ఏదో ఒక గోడ పక్కకు పోయి చెయ్యి ఆనించాల్సి వచ్చేది. మలుపులో ఆ పెద్ద చక్రం తిరగడానికి మొరాయించేది. రాత్రయ్యేసరికి మెడా, భుజాలూ పట్టేసేవి. తండ్రేమో అంగడికి వచ్చినవాళ్ళందరికీ ఆ సైకిలును చూపించి మురిసిపోతున్నాడు. ఇక ఆ పిల్ల ఏమని చెప్తుంది?

ఒకనాడు తల్లి తల దువ్వుతుంటే మెల్లగా అంది. "బడి సైకిలైతే నేను ఎటనుకుంటే అటు పోతుందమ్మా. ఇది నా మాట వినదు."

"మీ నాన్నతో చెప్పు తల్లీ."

"నాన్న ఎంత సంతోషంగా ఉన్నాడో చూడమ్మా," అంది యామిని.  మునిలక్ష్మి దువ్వెన పక్కన పెట్టి, పట్టేసిన ఆ భుజాలకు నూనె రాసింది.

ఆదివారం తండ్రీకూతుళ్ళు కొండ దగ్గరికి తెచ్చిన ఆ సైకిలును చూడగానే రెడ్డెప్ప సారు ముఖం మారిపోయింది. చెక్క ముక్కలను కాలితో కదిపి చూశాడు.

"చెంగల్రాయులు గారూ, పెద్ద చక్రం మంచిదే. దానికి తగిన మనిషి ఎక్కినప్పుడు మంచిది. ఆగాల్సి వస్తే ఈ పిల్ల కాలు నేలకు అందదు. దీని మీద నేను కొండ దిగనివ్వను. పోయి మార్చుకొని రండి," అన్నాడు.

చుట్టూ మిగతా పిల్లల తల్లిదండ్రులున్నారు. నలుగురిలో ఆ మాట అనేసరికి చెంగల్రాయులుకు తల కొట్టేసినట్టయింది. కూతుర్నీ సైకిలునూ తీసుకొని ఇంటికి వచ్చేశాడు. అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద మింగుడు పడలేదు. నా బిడ్డకు ఏది మంచిదో నాకు తెలియదా అన్న రోషం ఒక్కటే ఆయన లోపల రగులుతోంది. ఎండ తగ్గగానే యామినిని పిలిచి, మళ్ళీ నక్కలకొండకు బయలుదేరాడు. అప్పుడక్కడ ఎవరూ లేరు.

సైకిలును రాళ్ళబాట వెంబడి కొండ పైదాకా తోసి, కూతురు ఎక్కేదాకా పట్టుకొని నిలబడ్డాడు.

"ఇక్కడినుంచి దిగి చూపించమ్మా. నా బిడ్డ దిగింది అని రేపు నేనే సారుకు చెప్తాను."

యామిని కిందికి చూసింది. బాటంతా గులకరాళ్ళు. "భయంగా ఉంది నాన్నా," అంది.

"నేను కింద ఉంటాను కదా! భయమెందుకు?"

పిల్లలు అంతే. నాన్న ఉన్నాడంటే చాలు, ఇంకేమీ అడగరు. చెంగల్రాయులు కిందికి దిగిపోయి చెయ్యి ఊపాడు. అప్పటిదాకా ఒక బండరాయిని పట్టుకొని ఉన్న యామిని చెయ్యి వదిలింది.

మొదట బాగానే వచ్చింది. పెద్ద చక్రాలు రాళ్ళ మీద నుంచి నిజంగానే సులువుగా దొర్లాయి. "భలే! అదీ!" అని తండ్రి చప్పట్లు కొట్టాడు. మలుపు దగ్గర వేగం పెరిగింది. యామిని బ్రేకు కోసం వేళ్ళు చాచింది. వేళ్ళ కొసలే తగిలాయి, పట్టు దొరకలేదు. భయపడి పెడలు మీద గట్టిగా అదిమింది. తీగ జారి చెక్క ముక్క గిర్రున తిరిగింది. కాలు కిందికి దించి ఆపబోయింది.

నేల అందలేదు.

పిల్లా సైకిలూ కలిసి రాళ్ళ మీద పడ్డాయి. చెంగల్రాయులు ఎలా పరుగెత్తాడో ఆయనకే తెలియదు. సైకిలును ఎత్తి అవతల పారేశాడు. దాని కింద యామిని మోకాలు ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. 

"కాలు అందలేదు నాన్నా," అంది యామిని, తప్పు తనదైనట్టు.

కూతుర్ని చేతుల్లో ఎత్తుకొని ఆయన రోడ్డు దాకా ఏడుస్తూ వచ్చాడు. ఆస్పత్రిలో ఆపరేషన్లు చేశారు. చివరికి డాక్టరు, "పాప నడుస్తుంది. కానీ ఈ మోకాలు ఇక పూర్తిగా వంగదు," అన్నాడు. మునిలక్ష్మి గోడకు ఆనుకొని కూలబడింది. చెంగల్రాయులు నిలువునా నీరైపోయాడు.

పోటీ జరిగింది, అయిపోయింది. రెడ్డెప్ప సారు యామినిని చూడడానికి ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల మంచం పక్కన కూర్చొని చాలాసేపు కబుర్లు చెప్పాడు. చెంగల్రాయులును మాత్రం ఒక్క మాట అనలేదు. నేను చెప్పలేదా అని అరిచి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో!

యామిని మళ్ళీ బడికి పోయింది, కాలీడ్చుకుంటూ. బాగా చదివింది. అందరితో మంచిగా మాట్లాడింది. ఆ పెద్ద నవ్వు మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. ఎర్ర సైకిలును పాత చీరలో చుట్టి అటక మీద పడేశారు.

ఏళ్ళు గడిచాయి. యామిని ఎదిగింది. తండ్రి అన్నట్టే ఎదిగింది, ఆయన భుజాన్ని దాటింది. ఒక ఉగాదికి ఇల్లు సున్నం కొట్టాల్సి వచ్చి అటక మీది సామానంతా కిందికి దించారు. సైకిలు కూడా దిగింది.

యామిని చీర విప్పింది. "ఒకసారి నిలబడి చూస్తాను నాన్నా," అంది.

 చెంగల్రాయులు పెడలుకు మిగిలిన చెక్క ముక్క తీగను విప్పి, ఆ ముక్కను తీసేశాడు. యామిని కడ్డీకి ఇటూ అటూ కాళ్ళు వేసి నిలబడింది. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాయి. కడ్డీ ఒంటికి తగల్లేదు. చేతులు హాయిగా హ్యాండిలుకు అందాయి, వేళ్ళు బ్రేకుల మీదికి పోయాయి. కొలత తీసి చేయించినట్టు అంతా కుదిరింది. అప్పుడు ఆ పిల్ల కాలెత్తి పెడలు మీద పెట్టబోయింది. మోకాలు సగం వంగి, ఆగిపోయింది. ఇంకోసారి ప్రయత్నించింది. అంతే.

"సరిగ్గా సరిపోయింది నాన్నా," అంది యామిని. "నువ్వు చెప్పినట్టే ఎదిగినాను."

ఆ పిల్ల దెప్పిపొడవలేదు. ఉన్నమాటే చెప్పింది. చెంగల్రాయులు అక్కడే, ఆ సున్నం మరకల మధ్య కూర్చొని, "నన్ను తిట్టమ్మా, ఒక్క మాటైనా తిట్టు," అని బావురుమన్నాడు.

"ఎందుకు నాన్నా? నువ్వు నా కోసమే కదా కొన్నావు?" అని కూతురు ఆయన కళ్ళు తుడిచింది. ఆ మాట ఆయన్ను ఏ తిట్టు కంటే కూడా ఎక్కువ బాధ పెట్టింది.

పండగైన తర్వాత అంగడికి ఒకామె చిన్నబిడ్డతో వచ్చింది. "ఒక నంబరు పెద్దదివ్వన్నా, ఎదిగే కాళ్ళు," అంది.

చెంగల్రాయులు కింద కూర్చొని, ఆ పాప పాదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బూటు తొడిగి, బొటనవేలి దగ్గర నొక్కి చూశాడు. పాపను అంగడిలో అటూ ఇటూ నడవమన్నాడు. "బాగుందా తల్లీ? నొప్పిగా ఉందా? జారుతోందా?" అని ఆ పాపనే అడిగాడు.

"ఇదే సరిపోయిందమ్మా. వచ్చే ఏడు కాలు పెరిగితే వచ్చే ఏడు రండి," అన్నాడు.

"అదేమన్నా! పెద్దది కొనమని ఊరందరికీ చెప్పింది నువ్వే కదా?"

లోపల గల్లాపెట్టె దగ్గర యామిని ఒక కాలు తిన్నగా చాచుకొని కూర్చొని ఉంది. చెంగల్రాయులు అటు ఒకసారి చూశాడు. "చెప్పేవాణ్ణి తల్లీ," అన్నాడు.

పాప కొత్త బూట్లతో వీధిలోకి పరుగెత్తింది. టపటపా చప్పుడు రాలేదు. బిడ్డకు ఏది కొన్నా ఇవాళ్టి బిడ్డను చూసి కొనాలి, అందట్లేదని బిడ్డ చెప్తే వినాలి. రేపటి కోసమని ఇవాళ్టి బిడ్డను పడేసుకుంటే, ఆ రేపు వచ్చినా దాన్ని అనుభవించడానికి ఎవరూ మిగలరు.