తెల్లమిట్ట తడిరాతి తల్లి

తెల్లమిట్టలో బస్సు దిగి ఎర్రమట్టి దారిన మైలున్నర నడిస్తే తడిరాతి తల్లి గుడి వస్తుంది. దారికి ఇరువైపులా కనిపించే తెల్లటి గుట్టలు కొండలు కావు. ఒకనాటి మిల్లులు వదిలిపోయిన రాతి పిండి. ఇప్పుడు వాటి మీద గడ్డి మొలిచింది, మేకలు మేస్తున్నాయి. గుడికి గోపురం లేదు. నాలుగు రాతి స్తంభాలు, పైన బండల కప్పు, మధ్యన మనిషెత్తు పలుగురాయి. రాతికి పైన వేలాడే రాగిబిందె అడుగున సన్నటి రంధ్రం ఉంది. ఏడాది పొడవునా అందులోంచి నీటిచుక్క రాతి మీద పడుతూనే ఉంటుంది.

ఈ తల్లి దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది నేలను తవ్వి బతికేవారు. సీమలోని ముగ్గురాయి గనుల నుంచి, నాపరాయి క్వారీల నుంచి, పాలమూరు మిల్లుల నుంచి, అటు బళ్ళారి ఇనుప గనుల నుంచి వస్తారు. ఒడిశా గనులకు వలసపోయిన కుటుంబాలు కూడా ఏడాదికొకసారి రైలెక్కి వస్తాయి.

కొత్తగా వచ్చినవారికి ఇక్కడి పద్ధతులు వింతగా తోస్తాయి. పక్కనే అంత కొండ ఉండగా గుడిని ఒక్క మెట్టు కూడా లేకుండా చదును నేల మీద కట్టారు. పొడి కుంకుమ, పొడి విభూతి గుడిలోకి రానివ్వరు. ఏదైనా నీళ్ళతో తడిపి ముద్ద చేసే ఇస్తారు. రాతి మీద నీళ్ళు పోసిన తరువాత భక్తులు ఒకరి కనురెప్పలు ఒకరు తుడుచుకుంటారు. ఇవన్నీ ఎలా వచ్చాయో తెలియాలంటే సుంకమ్మ కథ వినాలి.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. కొండ నిండా తెల్లటి పలుగురాయి ఉండేది. గాజుకు, పింగాణీకి ఆ రాతి పిండి కావాలని వీరభద్రయ్య అనే షావుకారు క్వారీ తెరిచి, పక్కనే మిల్లు పెట్టాడు. కరువుకు పొలాలు ఎండిపోయిన చుట్టుపక్కల ఊళ్ళవారు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. ఆడవాళ్ళు కొండ కింద రాయి కొట్టేవారు. మగవాళ్ళు ఆ రాతిని మిల్లు డ్రమ్ములో పోసి, మూతి దగ్గర నిలబడి పిండిని సంచులకు ఎత్తేవారు. గోధుమపిండి కంటే మెత్తగా ఉండేది ఆ పిండి. పని ముగించి వస్తుంటే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమయ్యేది.

క్వారీ తెరిచిన తొలినాళ్ళలో ఒక బండ దగ్గర మూడు సమ్మెటలు విరిగాయి. అమ్మవారు వెలసిందని జనం దండం పెట్టి ఆ బండను వదిలేశారు. వైశాఖంలో తొలి మంగళవారం ఆమెకు మొక్కు చెల్లించేవారు. ఎవరి చేతి పంట వారు దేవతకు ఇస్తారు కదా. వీరి పంట రాతి పిండి. మిల్లులో అన్నిటికన్నా మెత్తటి పిండిని చాటల్లో తెచ్చి, తల్లి మీద పైనుంచి పోసేవారు. ఆ మేఘంలో బండ కనిపించకుండా పోతే తల్లి సంతోషించినట్టు లెక్క. దాన్ని పిండిమొక్కు అనేవారు.

ఐదారేళ్ళు గడిచాయి. మిల్లులో పనిచేసేవారికి దగ్గు పట్టుకుంది. బలమైన మగవాళ్ళు పది అడుగులు నడిచి కూలబడేవారు. జనం దానికి తెల్లదగ్గు అని పేరు పెట్టారు. తల్లికి కోపం వచ్చిందనుకుని ఒక చాట పోసేచోట రెండు చాటలు పోశారు. దగ్గు పెరిగినకొద్దీ మొక్కు పెరిగింది. మొక్కు పెరిగినకొద్దీ దగ్గు పెరిగింది. ఇది చదివి నవ్వవద్దు. వారికి ఎవరూ చెప్పలేదు. తెలిసినవారు దూరంగా, గాలికి ఎదురువైపు పందిరి వేసుకుని, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

సుంకమ్మ భర్త మద్దిలేటి పదకొండేళ్ళు డ్రమ్ము మూతి దగ్గర పనిచేశాడు. నలభై దాటకముందే మంచం పట్టాడు. పడుకుంటే ఊపిరి అందదు కాబట్టి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. సాయంత్రం సుంకమ్మ రాళ్ళ పని నుంచి రాగానే దగ్గరికి పిలిచి, బొటనవేలితో ఆమె కనురెప్పలు తుడిచేవాడు. వేలు తెల్లబడేది.

"అప్పుడే ముసలిదానివైతివే," అనేవాడు.

"మంచం దిగకుండానే మొగము కడిగే మొగుడు ఎవరికుంటాడు," అనేది సుంకమ్మ.

ఆ ఏడు పిండిమొక్కు ఇంకా పది రోజులు ఉందనగా మిల్లు మేస్త్రి గుడిసె ముందుకు వచ్చాడు. మద్దిలేటి చోటు ఖాళీగా ఉందని, మొక్కు కాగానే వారి కూతురు కాశమ్మను డ్రమ్ము మూతి దగ్గరికి పంపమని చెప్పిపోయాడు. కాశమ్మకు పద్దెనిమిదేళ్ళు. ఇంట్లో గింజలు లేవు. "నేను పోతాలే అమ్మా," అంది. మద్దిలేటి గోడవైపు తిరిగాడు.

మరునాడు అన్నం వేళ సుంకమ్మ రాళ్ళకుప్ప నీడలో కూర్చుంది. అలాగే కన్నంటుకుంది. కలలో ఒక పెద్దముత్తయిదువ కనిపించింది. జుట్టు, మొగము, చీర అంతా పిండి. పక్క పట్టుకుని, అచ్చం మద్దిలేటి దగ్గినట్టే దగ్గుతోంది.

"ఎందుకే నా నోట్లో పిండి కొడతారు?" అంది ఆమె. "ఇన్నేండ్లాయె, ఒక్కరన్నా గుక్కెడు నీళ్ళు పోసినారా? పిండి నాకొద్దు. అంత మంచిదైతే, దాన్ని అమ్ముకునేవాణ్ణి ఒక్కసారి ఆ మూతి కాడ నిలబెట్టు."

సుంకమ్మ ఉలిక్కిపడి లేచింది. తాగడానికి తెచ్చుకున్న చెంబెడు నీళ్ళు తీసుకెళ్ళి బండ మీద పోసింది. ఏళ్ళ తరబడి పేరుకున్న పిండి ముద్దలు ముద్దలుగా జారిపోయింది. లోపల రాయి అద్దంలా మెరిసింది. ఆమె చూసింది దాన్ని కాదు. నీళ్ళు పడినంత మేర గాలికి ఒక్క రేణువు కూడా లేవలేదు. చుట్టూ అంతా పొగలా లేస్తోంది, తడి దగ్గర నేల కదలడం లేదు.

చెంబులో మిగిలిన నీళ్ళు తాను కొట్టే రాళ్ళ మీద చల్లి సుత్తె ఎత్తింది. రాయి పగిలింది, దుమ్ము లేవలేదు. పక్కన రాయి కొట్టే గంగులమ్మకు మాట పడేయకుండా ఉండటం చేతకాదు.

"ఏం సుంకమ్మా, రాళ్ళకు సాన్నం చేపిస్తాండావా? తలకు నూనె కూడా పెట్టు."

"నీ తలకు పెడతా దా. ఆ కొంగు చూసుకో, నా కొంగు చూడు."

గంగులమ్మ చూసింది. తన కొంగు దుమ్ముతో తెల్లగా ఉంది, సుంకమ్మ కొంగు దాని రంగులో ఎర్రగానే ఉంది. మరునాటికి ఆమె కూడా నీళ్ళ కుండ పట్టుకొచ్చింది. నాలుగు రోజుల్లో కొండ కింద ఆడవాళ్ళంతా తడిపే కొట్టసాగారు.

కానీ కాశమ్మ పోవలసింది కొండ కిందికి కాదు, మిల్లులోకి. సుంకమ్మ నేరుగా వీరభద్రయ్య దగ్గరికే వెళ్ళి, డ్రమ్ములో రాయితోపాటు నీళ్ళు పోయమని అడిగింది.

"పిండి తడిస్తే ఎవడు కొంటాడే?" అన్నాడు అతడు.

"మనకు ఎండ కరువా అయ్యా? పిండిని ఆరబెట్టుకోవచ్చు. రొమ్ములో పడినదాన్ని ఎట్లా తీస్తావు?"

"తాగేందుకే బండి మీద నీళ్ళు తోలిస్తాండా. మిల్లుకు యాడ తెచ్చేది?"

"రాయి తీసేసిన పాత గుంతలో ఉండాయి కదా."

"ఆ తెల్లనీళ్ళు గొడ్డు కూడా తాగదు."

"తాగేది గొడ్డు కాదయ్యా, రాయి."

పక్కనున్న గుమాస్తా నవ్వాపుకున్నాడు. వీరభద్రయ్యకు నవ్వు రాలేదు. పని చేతకాకపోతే ఊరు విడిచిపొమ్మన్నాడు.

వైశాఖపు మంగళవారం వచ్చింది. నాలుగు వందల మంది బండ చుట్టూ చేరారు. వీరభద్రయ్య ఎప్పటిలాగే పందిట్లో కూర్చున్నాడు. సుంకమ్మ ఖాళీ చాటతో ముందుకు వచ్చి, తనకు వచ్చిన కలను ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పింది. చివర ఇలా అంది:

"ఇన్నేండ్లు మా చేతి పిండి పోస్తిమి. ఈ యేడు అమ్మ నిన్ను అడిగింది అయ్యా. డ్రమ్ము మూతి కాడ నిలబడి ఒక్క గంప నువ్వు పట్టు. మేము పట్టినట్టే, తువ్వాలు లేకుండా."

అతడు దైవభక్తి లేనివాడు కాదు. పైగా అంతమంది ఎదుట కాదనడం చిన్నతనం. ఒక్క గంపే కదా అనుకుని లేచాడు. మిల్లు తిప్పారు. మూతి తెరుచుకుంది. గంప సగం నిండకముందే అతడు తడుముకుంటూ బయటికి వచ్చి, స్తంభం పట్టుకుని వంగిపోయాడు. మొగము, మీసం, కనురెప్పలు అన్నీ తెల్లబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. గంగులమ్మ మాత్రం మెల్లగా అంది: "ఇప్పుడు అచ్చం మా మనిషి మాదిరి ఉండావయ్యా."

షావుకారు మనసు ఆ క్షణమే కరిగిందని చెప్పేవారు ఉన్నారు. అది నిజం కాదు. మరునాడు మిల్లు ఎప్పటిలాగే తిప్పమని మేస్త్రితో కబురు పంపాడు. ఎవరూ గంప ఎత్తలేదు. బండ చుట్టూ తడి గోనెలు పరుచుకుని కూర్చున్నారు. మద్దిలేటిని మంచంతో సహా మోసుకొచ్చి తల్లి పక్కన దించారు. ఉన్న గింజలు అందరివీ ఒకే కుండలో పోసి గంజి కాచుకున్నారు. పన్నెండో రోజుకు అదీ అయిపోయింది. బయటి ఊళ్ళ నుంచి కూలీలను తెస్తామని మేస్త్రి బెదిరించాడు, తెచ్చాడు కూడా. ఆ వచ్చిన కూలీలు మంచం మీది మద్దిలేటిని చూసి, ఆగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

అన్నాళ్ళూ వీరభద్రయ్య దగ్గుతూనే ఉన్నాడు. సగం గంపకు తనకింత అయితే పదకొండేళ్ళకు ఎంత అవుతుందో అతడికి పడుకున్నప్పుడల్లా గుర్తుకొచ్చేది. పందొమ్మిదో రోజు పొద్దున ఒంటరిగా వచ్చాడు. చెంబుతో నీళ్ళు ముంచి బండ మీద పోశాడు. "పాత గుంతకు కాలువ తవ్వండి," అన్నాడు, అంతే. ఇందులో సగం తల్లి దయ, సగం ఆ పందొమ్మిది రోజుల పట్టుదల. ఈ రెండో సగాన్ని మరచిపోయి మొక్కేవారి మొక్కు మొక్కే కాదని ఇక్కడి పెద్దలు నేటికీ అంటారు.

కాలువ తవ్వారు. డ్రమ్ములో రాయితోపాటు నీళ్ళు పోశారు. పిండి బురదగా జారి తొట్లలోకి దిగింది. పైన తేరిన నీటిని మళ్ళీ మిల్లుకే మళ్ళించారు. అడుగున మిగిలినదాన్ని బిళ్ళలుగా ఆరబెట్టి, తడి గోనెలు కప్పి పంపారు. కొనేవారు కొన్నారు.

కాశమ్మ మొదటిరోజు పనికి వెళ్ళింది. ఆ సాయంత్రం ఇంటి ముందు మద్దిలేటి గోడకు ఆనుకుని ఆమె కోసం చూస్తూ కూర్చున్నాడు. సుంకమ్మ పొయ్యి దగ్గర ఉంది కానీ చూపంతా వాకిలి వైపే. కాశమ్మ మోకాళ్ళ దాకా బురదతో వచ్చింది. తండ్రి దగ్గరికి రమ్మన్నాడు. బొటనవేలితో ఒక రెప్ప తుడిచి చూశాడు. రెండో రెప్ప తుడిచి చూశాడు. మళ్ళీ మొదటి రెప్ప తుడిచాడు.

"ఏముంది నాయనా?" అంది కాశమ్మ.

"ఏమీ లేదు," అన్నాడు మద్దిలేటి. తరువాత ఆ వేలిని సుంకమ్మ వైపు ఎత్తి చూపించాడు. "చూడవే, ఏమీ లేదు."

సుంకమ్మ వచ్చి ఆ వేలిని పొయ్యి వెలుగుకు పెట్టి చూసింది. చాలాసేపు వదల్లేదు.

మరుసటి ఏడు గుడి కట్టాలనుకున్నప్పుడు పెద్దలు కొండ మీద అయితే నాలుగు ఊళ్ళకు కనిపిస్తుందన్నారు. మంచం మీది మద్దిలేటి అది విని, "సరే, మీరు ఎక్కండి. అమ్మ నాతో ఇక్కడే ఉంటాది," అన్నాడు. ఎవరూ మళ్ళీ కొండ మాట ఎత్తలేదు. ఆ తరువాత రెండు వానాకాలాలు చూసి అతడు కన్నుమూశాడు. కాశమ్మ మిల్లులో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. ముసలితనంలో కొండ పైదాకా నడిచి మేకలను తోలుకొచ్చేది. ఈ బిందెలో తొలి ధార పోసింది ఆమె మనవడే.

నేటికీ ఇక్కడ పూజారి పని మిల్లు కుటుంబాలదే. వంతులవారీగా బిందె నింపుతారు. నీరు పాత గుంతదే. చుట్టుపక్కల ఎవరు కొత్త మిల్లు పెట్టినా ముందు యజమాని ఇక్కడికి వచ్చి, తల్లికి నీళ్ళు పోసి వెళ్ళి, తొలి గంప తానే పట్టాలి. పట్టినవారి మిల్లుకే జనం పనికి వెళతారు. పట్టనివారి పేరు వైశాఖపు మంగళవారం నాడు అందరి ముందూ చదువుతారు.

ఈ తీర్థంతో తెల్లదగ్గు నయమవుతుందని మేము చెప్పము. రొమ్ములో చేరిన పిండిని తీసే మందు మద్దిలేటికీ దొరకలేదు, ఈనాటికీ లేదు. అది చేరకుండా చూసుకునే బుద్ధిని, చూడమని నిలబడి అడిగే ధైర్యాన్ని తల్లి ఇస్తుంది. ఇస్తోంది కాబట్టే చెబుతున్నాము.

భక్తులు మొదట తల్లికి చెంబెడు నీళ్ళు పోయాలి. ఊపిరి అందనివారు ముందుంటారు, వారిని దాటి వెళ్ళరాదు. తరువాత పక్కన నిలబడినవారి కనురెప్పలను బొటనవేలితో తుడిచి, ఆ వేలిని తల్లికి చూపించాలి. తెలిసినవారే కానక్కరలేదు. వేలు తెల్లగా వస్తే వారు ఏ గనిలో, ఏ మిల్లులో పనిచేస్తున్నారో అడిగి గుడిలో చెప్పి వెళ్ళండి. ఇక్కడి నుంచి నలుగురు అక్కడికి వెళ్ళి, రాతిని తడిపి పని చేయించమని యజమానిని అడుగుతారు. శుభ్రంగా వస్తే ఇంటికి వెళ్ళి మీ బిడ్డల కనురెప్పలు కూడా అలాగే చూసుకోండి. ఆ వేలు ఎప్పుడూ శుభ్రంగా రావాలని తడిరాతి తల్లి మిమ్మల్ని దీవించుగాక.