పలకమ్మకి జ్వరమొచ్చింది

అప్పడాల గవరయ్య ఇంట్లో తెలివికి కరువు లేదు. ఈ సంగతి ఊరంతా చెప్పింది గవరయ్యే. ఈ కథ చెప్పేవాడు ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కుని, మడమ నొప్పికి మందు రాసుకునే రకం. అంతటివాడికే నవ్వాగలేదంటే ఇక మీరే ఆలోచించుకోండి.

"మన ముగ్గురి బుర్రలూ కలిపితే ఊరికి సరిపోతాయిరా," అనేవాడు గవరయ్య.

"మిగుల్తాయన్నా. పక్కూరికీ పంపొచ్చు," అనేవాడు తమ్ముడు సన్యాసి.

"ఆ మిగిలింది నాదే," అనేది గవరయ్య భార్య పైడితల్లి, పిండి ఉడికే పొయ్యి దగ్గర చెమట తుడుచుకుంటూ.

ఊళ్ళో మెట్ట మీదున్న ఆ ఒక్క ఇంటికే కరెంటు తీగ రాలేదు. పెళ్ళినాడు గవరయ్య ఆమెకో మాటిచ్చాడు: "నీ నెత్తిన ఫ్యాను తిప్పిస్తాను." ఇరవై రెండేళ్ళయింది. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ముద్ద దిగదు.

అలాంటి ఇంటికి పరిశోధనశాల నుంచి సుభాషిణి మేడం ఒక సోలార్ పలకా, ఒక ఫ్యానూ తెచ్చింది.

"ఇది కొత్తగా కనిపెట్టిన పదార్థం. చూడండి, మీ అప్పడమంత పలచన. పైకప్పు మీద ఎండలో పెడితే ఫ్యాను తిరుగుతుంది. కానీ చాలా సున్నితం. చంటిపిల్లలా చూసుకోండి. నెల తర్వాత వస్తా. ఫ్యాను తిరుగుతుంటే రెండూ మీవే. తిరక్కపోతే వేరే ఇంటికిచ్చేస్తాం."

అంతే. జీపు మలుపు తిరిగిందో లేదో, గవరయ్య పలకని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు.

"మావా, ఎండలో పెట్టమన్నారు కదా?" అంది పైడితల్లి.

"చంటిపిల్లని ఎండలో పెడతారటే? మన సన్యాసిని పుట్టిన రోజే పొలం పంపారా? దీనికీ ఈడు రానీ, అదే కష్టపడుతుంది."

నిజమే అనిపించింది ఆమెకి. ఇంకేముంది, కాళ్ళు చాపుకుని కూర్చుని పలకకి నువ్వులనూనె పట్టించింది. సున్నిపిండితో నలుగు పెట్టింది. వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసింది. పొగకి పలక నల్లబడితే, "రంగు తగ్గినా కళ ఉంది" అని మురిసిపోయి, నడిమధ్యన అరచేయంత దిష్టిచుక్క పెట్టింది. తర్వాత పాత చీరలో చుట్టి, ఇంట్లో చీకటిమూల ఉయ్యాలలో వేసింది.

ఫ్యాను తిరగలేదు.

"ఆకలన్నా," అన్నాడు సన్యాసి. వెంటనే తీగ దూర్చే కన్నంలో ఉగ్గు పోశాడు. చీమలు పట్టాయి. "పిల్లకి బంధువులొచ్చారు," అని వాటికీ కాస్త పంచదార చల్లాడు. ఇరవై ఒకటో రోజు వీధివాళ్ళని పిలిచి పలకమ్మ అని పేరు పెట్టారు. వచ్చినవాళ్ళు పిల్లని చూసి, ఒకరి మొహాలొకరు చూసుకుని, వడపప్పు తిని వెళ్ళిపోయారు.

నెలకి మేడం వచ్చింది. పలకకి చుట్టిన చీర విప్పింది. 

"గవరయ్యగారూ, దీన్నసలు ఎండలో పెట్టారా?"

"ఛ ఛ! ఎండపొడ తగలనిస్తే ఒట్టు!" అన్నాడు గవరయ్య, మెచ్చుకుంటుందని.

మేడం తల పట్టుకుంది. నూనే మసీ తుడిచింది, చుక్క చెరిపింది, చీమల్ని దులిపింది, కన్నం శుభ్రం చేసింది. "ఎండే దీనికి పాలు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా తాగనివ్వండి. వారం చూస్తాను. అప్పటికీ ఫ్యాను తిరక్కపోతే పట్టుకుపోతాను."

 మర్నాడు తెల్లారగానే గవరయ్య పలకని పైకప్పు మీద పడుకోబెట్టి, ఫ్యాను తీగ దూర్చాడు. పొద్దెక్కింది. ఫ్యాను గిర్రున తిరిగింది!

పొయ్యి దగ్గర పైడితల్లి ముంగురులు ఎగిరాయి. "మావా, గాలి!" అని కళ్ళు మూసుకుంది. గవరయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై రెండేళ్ళ మాట నెగ్గింది.

ఆ ముచ్చట ఆరు రోజులు సాగింది. ఏడో రోజు మధ్యాహ్నం సన్యాసి పైకెక్కి పలకని ముట్టుకుని కేక పెట్టాడు.

"వదినా! పిల్ల ఒళ్ళు కాలిపోతోంది! జ్వరం!"

ఇంకేముంది, ముగ్గురూ పైకి పరిగెత్తారు. గవరయ్య గొడుగు పట్టాడు. సన్యాసి తడిగుడ్డ వేశాడు. కింద ఫ్యాను ఆగిపోయింది.

"చూశావా, చెల్లి జ్వరానికి అదీ బెంగెట్టుకుంది," అన్నాడు సన్యాసి.

"పాపిష్టిదాన్ని! దాన్ని ఎండలో మాడ్చి నేను గాలి తిన్నాను," అని ఏడుస్తూ పైడితల్లి తాటాకు విసనకర్ర అందుకుంది.

మేడం నిచ్చెనెక్కి వచ్చేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. గొడుగు కింద పలక చల్లగా పడుకుని ఉంది. పక్కన ఎండలో పైడితల్లి చెమటలు కక్కుతూ దానికి విసురుతోంది.

మేడం పలకని చంకన పెట్టుకుని కిందికి దిగింది. రెండో చేత్తో ఫ్యాను తీసుకుంది.

గవరయ్య కాసేపు దిగాలుగా నిలబడ్డాడు. అంతలో తెలివి పనిచేసింది. జీపు వెనకాల గొడుగు పట్టుకుని పరిగెత్తుతూ అరిచాడు:

"అమ్మా! ఆసుపత్రిలో చేర్పించాక కబురెట్టండి! పథ్యానికి అప్పడాలు కాల్చి తెస్తాం!"