కనుమపురం పంక్తి

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం కనుమపురం. రాజ్యమనగానే పెద్దగా ఊహించుకోకండి పిల్లలూ, ఈ కొసన కోడి కూస్తే ఆ కొసన నిద్రలేచేవాళ్లు. తూర్పున ఒక మహారాజు, పడమర ఒక మహారాజు, మధ్యలో కొండ. కొండ దాటడానికి ఉన్న ఒక్క దారీ కనుమపురానిది.

ఒకనాడు కరాళుడనే మాంత్రికుడు భుజం మీద చిలుకతో వచ్చాడు. దారి తనకు రాసిమ్మన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. ముత్యాలు కుప్పపోశాడు. ఇవ్వనన్నాడు. కత్తి చూపించాడు. ముమ్మాటికీ ఇవ్వనన్నాడు. మాంత్రికుడికి ఒళ్లు మండి రాజును రాయిగా మార్చేశాడు.

"రేపు తూర్పు, పడమటి రాజుల సైన్యాలు రెండూ యుద్ధానికి వస్తాయి. దారి వదలకపోతే నీ జనమంతా రాళ్లే. బెత్తెడు రాజ్యానికి ఇంత పొగరా?" అన్నాడు మాంత్రికుడు, రాజు కూతురు వకుళతో.

"బెత్తెడైనా మాది," అంది వకుళ.

ఏడుపు దిగమింగి కొండెక్కింది. ఒకప్పుడు తను కాలికి కట్టుకట్టిన కొండమేక ఎదురొచ్చింది.

"అమ్మా, వాడి ప్రాణం ఆ చిలుకలో ఉంది. అది ఇద్దరు రాజులకూ చాడీలు మోస్తుంది. వాళ్ల పగే దానికి మేత. పగ పోతే అది చస్తుంది," అంది.

తెల్లారేసరికి రెండు వైపులా సైన్యాలు దిగాయి. వకుళ ఒక్కతే దారికి అడ్డంగా నిలబడింది.

"ఎంతటివారైనా ఆయుధాలు బయటపెట్టి, మా పంక్తిలో భోంచేశాకే కనుమ దాటాలి. అది మా ఆచారం," అంది.

రాజులకు ఆ సంగతి తెలుసు. "తిండే కదా, కానివ్వండి," అని వాళ్లతో వచ్చిన మాంత్రికుడు నవ్వాడు.

రాజులిద్దరూ వకుళకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. గబగబా తినేశారు. కానీ అందరూ తినడం అయ్యేదాకా పంక్తిలో ఎవరూ లేవకూడదు. వకుళ మెతుకు మెతుకూ నములుతోంది.

"త్వరగా కానివ్వు తల్లీ, అవతల యుద్ధముంది," అన్నాడు తూర్పు రాజు.

"నా తిండి నిదానం మహారాజా."

మధ్యాహ్నమైంది. రాజులకు ఊసుపోలేదు.

"నా ఆవుల్ని ఎందుకు తోలుకుపోయావయ్యా?"

"నేనా? నా పంట తగలబెట్టించింది నువ్వు కాదూ?"

"ఎవరు చెప్పారు?"

"ఆ చిలుక."

"నాకూ అదే చెప్పింది."

ఇద్దరూ చిలుక వైపు తిరిగారు. దాని ఈకలు రాలుతున్నాయి. "లేవండి, లేవండి," అని మాంత్రికుడు అరిచాడు. వకుళ ఇంకా తింటూనే ఉంది, ఎవరూ లేవలేదు. పడమటి రాజు తన అరిసె తీసి తూర్పు రాజు విస్తట్లో వేశాడు. చిలుక కిందపడింది, మాంత్రికుడు బూడిదయ్యాడు. రాతిలోంచి వకుళ తండ్రి ఆవలించి లేచాడు.

"మా వాణ్ణి పెళ్లాడు తల్లీ. కనుమపురాన్ని మాలో కలిపేసుకుంటాం," అన్నాడు తూర్పు రాజు.

వకుళ చివరి ముద్ద మింగింది. "అబ్బాయి నచ్చితే పెళ్లికి సరే. కలపడం మాత్రం కుదరదు. అతనే ఇల్లరికం రావాలి."

అబ్బాయి నచ్చాడు, వచ్చాడు. ఇద్దరూ నిండు నూరేళ్లు ఏలారు. ఆ నూరేళ్లలో ఆ కనుమ గుండా పెళ్లిబళ్లు వెళ్లాయి, గొర్రెలు వెళ్లాయి, సైన్యం మాత్రం ఒక్కటీ వెళ్లలేదు.